మైక్‌సెట్ ఫ్రెండుతో రెండ్రోజుల ఓపెన్ ఎయిర్ సంగీతోత్సవం, వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి

హూడి కుర్రాడు · సోమవారం రాత్రి 9.12

అందరికీ నమస్తే. బెంగళూరొచ్చి నాలుగేళ్ళయింది, ఇలాంటిదానికి ఒక్కసారీ వెళ్ళలేదు. వచ్చే శని, ఆదివారాల్లో తుమకూరు రోడ్డు వైపు ఓ మైదానంలో సంగీతోత్సవం ఉంది. మూడు స్టేజీలు, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 దాకా. పేరు రాయడం లేదు, టికెట్లు అంటగట్టడానికొచ్చానంటారు మళ్ళీ. రెండ్రోజుల పాసులు రెండు కొనేశాను. ఈ నెలంతా ఇంక పీజీ సాంబారే గతి.

రెండో పాసు మా ఊరి ఫ్రెండుకి. తెనాలి దగ్గర పల్లె మాది. వాడికి మైక్‌సెట్ షాపుంది. పెళ్ళిళ్ళు, చవితి పందిళ్ళు, ఎన్నికలొస్తే ప్రచారం ఆటోలు, అన్నీ వాడే. ఇక్కడ వాణ్ణి మైక్‌సెట్ అనే రాస్తాను, ఊళ్ళోనూ అలాగే పిలుస్తారు. పాడేది ఎవరో వాడికి అనవసరం. "పైనుంచి అరటిగెలలా వేలాడదీస్తారే, ఆ బాక్సులు దగ్గర్నుంచి చూడాల్రా" అంటాడు, అంతే.

నాకేమో రెండు బ్యాండ్లని ముందు వరసలో నిలబడి చూడాలని మూడేళ్ళ కోరిక. వాడికి కన్నడం రాదు, హిందీ రాదు, ఇంగ్లీషు మిక్సర్ మీది బటన్ల పేర్ల వరకే. వాణ్ణి వదిలేసి నేను ముందుకెళ్ళిపోతే బాగుంటుందా? వెంటేసుకుని తిరిగితే ఇద్దరికీ మిగిలేదేంటి? ఎలా వెళ్ళాలి, ఏం పట్టుకెళ్ళాలి, అవి కూడా చెప్పండి.

నిద్రపోని పీజీ · సోమవారం రాత్రి 9.40

దారి సంగతి నేను చెప్తా, మిగతావి పెద్దోళ్ళు చూసుకుంటారు. తుమకూరు రోడ్డు మీద మాదావర దాకా మెట్రో 2024 నవంబరులో వచ్చింది. అంతకుముందు నాగసంద్రలో దిగి ఆటోవాళ్ళని బతిమాలుకునేవాళ్ళం. నువ్వు హూడిలో ఊదా లైనెక్కి మెజెస్టిక్‌లో పచ్చ లైనుకి మారితే ఆఖరి స్టేషనే మాదావర. నిద్రపోయినా ఫర్లేదు.

వెళ్ళడం సుళువే, రావడమే కథ. పదింటికి మైకులు ఆగగానే వేలమంది ఒకే గేటు మీద పడతారు. టికెట్ కౌంటరు లైను రోడ్డు మీదికొస్తుంది. ఇద్దరికీ రెండు స్మార్ట్ కార్డులు తీసుకుని ముందే డబ్బులు వేసి ఉంచుకో. ఒక కార్డు మీద ఇద్దరు వెళ్ళడం కుదరదు, గేటు దగ్గర ఇరుక్కున్నాక తెలుసుకున్న బాపతు నేను. ఆఖరి రైలు టైము ఆ రోజు పొద్దున్నే చూసుకో, మెజెస్టిక్ నుంచి మీ వైపు పోయేది కూడా. మాదావరలో ఎక్కేశాం కదా అని నిశ్చింతగా కూర్చుంటే అవతల మెజెస్టిక్‌లో షట్టర్లు దించుతూ కనబడతారు.

వరంగల్ వాన · సోమవారం రాత్రి 10.05

బూట్లేసుకొని పోండ్రి, చెప్పులొద్దు. పోయినేడు ఇంకోదానికి కొత్త చెప్పులేసుకొని పోయిన. ఎవరో తొక్కితే పట్టీ తెగింది, రాత్రి దాంక ఒంటి చెప్పుతోని తిరిగిన. మైదానమంటే పచ్చగడ్డి అనుకునేరు. సాయంత్రమయ్యేసరికి ఎర్రదుమ్మే. ముక్కుకు కట్టుకోను రుమాలు ఉండాలె. పగలు ఎండ సుర్రుమంటది, ఏడు దాటినంక చలి పెడ్తది. తెనాలాయనకు స్వెటరు యాది చెయ్యి, ఆడ డిసెంబరుకు ఈడ డిసెంబరుకు మస్తు ఫరకున్నది.

బాత్రూముల సంగతి ఎవ్వరు చెప్పరు గని అదే అసలు సంగతి. పెద్ద బ్యాండు అయిపోయినంక పోతే గంట లైను. అది మొదలై మూడో పాట నడుస్తున్నప్పుడు పోవాలె, అప్పుడు ఎవ్వరుండరు. ఆడోళ్ళు మరీ యాదికుంచుకోండ్రి. టిష్యూలు, సబ్బు కాయితాలు సంచిల పెట్టుకోండ్రి. నీళ్ళ సీసా గేటు కాడ గుంజుకుంటరు, లోపల నింపుకునే జాగ యాడున్నదో పోంగనే చూసుకో.

అనంతపూర్ ఎద్దులబండి · సోమవారం రాత్రి 10.11

వేలకు వేలు పోసి దుమ్ము తినేకి పోతారా? మా ఊరికి రాండబ్బా, ఊరికే పెడ్తాం.

సౌండ్ చెక్ 1 2 · సోమవారం రాత్రి 11.30

నేను చేసేది ఈ పనే, పన్నెండేళ్ళుగా. మీ ఫ్రెండు కోసం రాస్తున్నాను, మీ కోసం కాదు.

ఆయన అరటిగెల అన్నదాన్ని మేం లైన్ అర్రే అంటాం. వేలాడదీసేది అందానికి కాదు. పెద్ద బాక్సు నేలమీద పెడితే ముందువాళ్ళ చెవులు పగులుతాయి, వెనకవాళ్ళకి వినబడదు. అదే పైకి కట్టి గెలలా వంచితే పై బాక్సులు దూరంగా ఉన్నవాళ్ళవైపు, కింది బాక్సులు దగ్గరివాళ్ళవైపు చూస్తాయి. ఆయనకిది ఒక్క చూపులో తెలిసిపోతుంది.

మైదానం మధ్యలో ఓ గుడారం ఉంటుంది, అందులోనే మిక్సర్. దాని కంచెని ఆనుకుని నిలబడమనండి. పాట కలిపేవాడు తన చెవికి బాగుండేలా కలుపుతాడు, కాబట్టి వాడి పక్కన నిలబడ్డవాడికి మంచి వాటా దొరుకుతుంది. ఇంకోటి. బేస్ బాక్సులు స్టేజీకి రెండు పక్కలా నేలమీద పెట్టినచోట, సరిగ్గా నడిమి గీత మీద బేస్ దండిగా ఉంటుంది. రెండు వైపుల నుంచి వచ్చేది అక్కడికి ఒకే క్షణంలో చేరుతుంది మరి. పక్కకి నడిస్తే ఒకచోట తగ్గుతుంది, ఇంకాస్త నడిస్తే మళ్ళీ పెరుగుతుంది. నడిచి చూడమనండి.

వెనకెక్కడో టవర్లకి ఇంకో జత బాక్సులు కట్టి ఉంటాయి. తీగలో పాట ఇట్టే చేరుతుంది, గాలిలో మాత్రం సెకనుకి సుమారు 340 మీటర్లే. ఆ టవర్‌ని అలాగే వదిలేస్తే వెనకున్నవాడికి ప్రతి మాటా రెండుసార్లు వినబడుతుంది. అందుకని టవర్‌కి పోయేదాన్ని కావాలనే ఆపి ఆపి వదులుతారు. లెక్క పెద్ద కష్టం కాదు, మీటరుకి దాదాపు 3 మిల్లీసెకండ్లు.

ఆయన్ని వదిలేసి వెళ్ళొచ్చా అని అడిగారు. ఆయనే మిమ్మల్ని వదిలేస్తాడు, చూస్తూ ఉండండి.

కమ్మనహళ్ళి కాఫీ · మంగళవారం ఉదయం 7.20

తమ్ముడూ, నా మాట విను, వదలకు. ఊరుగాని ఊరు, భాష రాదు. రెండేళ్ళ క్రితం మా పిన్ని కూతురు ఇలాంటిదానికే వచ్చి ఐస్‌క్రీమ్ తెస్తానని వెళ్ళింది. ఫోన్లు కలవలేదు. గంటన్నర తర్వాత అంబులెన్స్ పక్కన కూర్చుని ఏడుస్తూ దొరికింది, ఐస్‌క్రీమ్ మాత్రం చేతిలోనే ఉంది, కప్పులో నీళ్ళయిపోయి. పాట మళ్ళీ వినొచ్చు. నిన్ను నమ్ముకుని వచ్చినవాడు మొహం చిన్నబుచ్చుకుంటే అది మిగిలిపోతుంది.

ఇంటర్వెల్ బజ్జీ · మంగళవారం ఉదయం 9.02

అక్కా, మీ చెల్లెలి సంగతి వేరు. ఎన్నికల సభలకి మైకు కట్టేవాడు జనంలో తప్పిపోతాడా? వాడు చూసిన జనం మనం చూసి ఉండం.

నా ఓటు విడిపోండనే. మేం ఇద్దరం ప్రతి ఏడూ కలిసి వెళ్తాం, లోపల కలిసి ఉండేది మొత్తం మీద రెండు గంటలు. ఒకడు భుజం వేలాడేసుకుని పక్కన నిలబడి టైము చూసుకుంటుంటే రెండోవాడికీ పాట ఎక్కదు. కాకపోతే విడిపోయే ముందే చోటు, టైము అనుకోవాలి. "స్టేజీ ఎడమ పక్క" అనుకోవద్దు, చీకటి పడ్డాక ఆ పక్కన రెండు వేలమంది ఉంటారు. జెండానో టవరో, తల పైకెత్తితే కనబడేది ఉండాలి. ఏడున్నరకి, తొమ్మిదింపావుకి అని గడియారం చూసి కలవాలి, ఫోన్ చూసి కాదు. అంతమంది ఒక్కచోట చేరితే నెట్ ముందు పోతుంది, తర్వాత కాల్స్. మామూలు ఎస్సెమ్మెస్ ఒక్కోసారి దూరిపోతుంది. సిగ్నల్ కోసం వెతుక్కుని వెతుక్కుని ఫోన్ చార్జింగ్ తాగేస్తుంది కాబట్టి వాడనప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పడేయండి. ఒకరి నంబరు ఒకరు కాగితమ్మీద రాసుకుని జేబులో పెట్టుకోండి. ఈ రోజుల్లో ఎవరికి ఎవరి నంబరు నోటికొచ్చు?

కమ్మనహళ్ళి కాఫీ · మంగళవారం ఉదయం 9.15

కాగితం మాట ఒప్పుకున్నా. మిగతాది ఒప్పుకోను.

చామరాజపేట పెద్దాయన · మంగళవారం సాయంత్రం 6.48

మీరంతా కుర్రవాళ్ళు, మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. ఓపెన్ ఎయిర్ అంటే తుమకూరు రోడ్డే అనుకుంటున్నారు. మా చామరాజపేటలో కోట హైస్కూల్ మైదానంలో శ్రీ రామసేవా మండలివారి రామనవమి కచేరీలు 1939 నుంచి జరుగుతున్నాయి. పందిరి కింద, నెల్రోజుల పాటు. సుబ్బులక్ష్మి గారు పాడిన చోటు, బిస్మిల్లా ఖాన్ షెహనాయి వినిపించిన చోటు. బయట ఆటో హారన్లు, లోపల తంబురా. వేసవి మొదట్లో ఒక్కోరోజు వాన పడితే పందిరి మీద టపటప కూడా తాళంలో కలిసిపోతుంది.

నాకు అక్కడ ముచ్చటగా ఉండేది ఒకటే. పాడేవారు కన్నడిగులో తమిళులో, వినేవారిలో సగం మందికి తెలుగు రాదు. త్యాగరాజస్వామి కీర్తన ఎత్తుకోగానే అందరి తలలూ ఊగుతాయి. పక్కనున్నాయన ఓసారి నన్ను, మీరు తెలుగువారు కదా, ఈ చరణానికి అర్థం చెప్పండి అనడిగారు. చెప్పలేక తడబడ్డాను. నలభై ఏళ్ళుగా వింటున్న కీర్తన అది. ఇంటికెళ్ళి పుస్తకం తీశాను.

మీ మిత్రుణ్ణి ఏప్రిల్‌లో కూడా తీసుకురండి.

నిద్రపోని పీజీ · మంగళవారం సాయంత్రం 7.10

పెద్దాయన గారూ, గౌరవంగానే అంటున్నా, ప్రతి టాపిక్‌లోనూ "అసలు సంగీతం" అని ఒకరు రావాల్సిందేనా?

చామరాజపేట పెద్దాయన · మంగళవారం సాయంత్రం 7.31

అసలు అనే మాట నేను వాడలేదు నాయనా. పైకెళ్ళి చూసుకోండి.

సౌండ్ చెక్ 1 2 · మంగళవారం రాత్రి 8.00

పెద్దాయన చెప్పింది నిజం. పైగా ఆ పందిట్లో మైకు పెట్టడం రాక్ బ్యాండుకి పెట్టడం కన్నా కష్టం. వీణ తీగ వినబడాలి, మృదంగం దాన్ని మింగకూడదు, మైకు కుయ్యిమని కూయకూడదు. గిటార్లవాళ్ళకైతే కాస్త కూత కూసినా పాటలో భాగమనుకుంటారు.

పాత ప్యాలెస్ · మంగళవారం రాత్రి 10.22

పాత రోజులు తలుచుకుంటున్నారు కాబట్టి నేనూ ఓ మాట. మా కుర్రతనంలో ఓపెన్ ఎయిర్ అంటే ప్యాలెస్ గ్రౌండ్సే. 2003లో రోలింగ్ స్టోన్స్, 2007 మార్చిలో ఐరన్ మెయిడెన్, 2011 అక్టోబరు 30న మెటాలికా. మెటాలికాకి నేనూ నా రూమ్మేటూ కలిసి వెళ్ళాం. వాడి చొక్కా నా చేతిలో ఉండగానే జనం ఒక్క తోపు తోశారు, చొక్కా గుండీ నాకు మిగిలింది, వాడు పోయాడు. మర్నాడు పొద్దున రూములో కలిశాం. గుండీ ఇప్పటికీ ఉంది, వాడు కెనడాలో ఉన్నాడు.

ఇప్పుడు మైదానాలు ఊరి అంచులకి జరిగాయి. 2016లో మొదలైన ఎకోస్ ఆఫ్ ఎర్త్ సంగీతోత్సవం ఎయిర్‌పోర్ట్ వైపు గుర్రపు స్వారీ బడి ఆవరణలో జరుగుతూ వచ్చింది. పాత ఇనుము, పారేసిన సామానుతో జంతువుల ఆకారంలో స్టేజీలు కడతారు, మైక్‌సెట్ గారు చూడాల్సినవి. 2025 ఫిబ్రవరిలో ఎడ్ షీరన్ పాడింది మీరు వెళ్ళే మాదావర వైపే, నైస్ గ్రౌండ్స్‌లో. గాయని శిల్పారావుని పిలిచి "దేవర" సినిమాలోని "చుట్టమల్లే" తనూ గొంతు కలిపి పాడాడు. బెంగళూరు మైదానంలో ఇంగ్లండు వాడు తెలుగు పాడుతుంటే మనవాళ్ళు వేసిన కేకలు పీణ్యా దాకా వినబడి ఉంటాయి.

చెవిలో జోరీగ · బుధవారం ఉదయం 6.15

ఎవరూ చెప్పలేదు కాబట్టి చెప్తున్నా. చెవులు.

ఆరేళ్ళ క్రితం ఒక క్లబ్బులో స్పీకరుకి మూడడుగుల దూరంలో నాలుగు గంటలు నిలబడ్డాను. ఆ రాత్రి చెవుల్లో మొదలైన కీచుమనే మోత ఇప్పటికీ ఉంది. ఇది రాస్తున్నప్పుడూ ఉంది. పగలు ట్రాఫిక్‌లో తెలియదు, రాత్రి ఫ్యాను ఆపితే వస్తుంది. డాక్టరమ్మ లెక్క చెప్పింది. 85 డెసిబెళ్ళు రోజుకి 8 గంటలు తట్టుకోవచ్చు, అక్కణ్ణుంచి ప్రతి 3 డెసిబెళ్ళకీ టైము సగానికి పడిపోతుంది. 100 దగ్గర పావుగంటే. ముందు వరస అంటున్నావు కదా, అక్కడ నూరు దాటడం పెద్ద విషయం కాదు.

మందుల షాపులో స్పాంజి ప్లగ్గులు తీసుకో. ఊరికే చెవికి ఆనిస్తే పనికిరావు. వేళ్ళ మధ్య నలిపి పుల్లలా సన్నగా చేసి, రెండో చేత్తో చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. పాట గుడ్డకప్పినట్టుంటుందని బాధైతే సంగీతం వాళ్ళు వాడే రకం కాస్త ఖరీదులో దొరుకుతాయి. మైక్‌సెట్ గారికి కూడా రెండు జతలు కొనివ్వు. ఆయన రోజూ బాక్సుల పక్కనే నిలబడే మనిషి, నీకన్నా ఆయనకే అవసరం.

హూడి కుర్రాడు · శుక్రవారం రాత్రి 11.05

అందరికీ థాంక్స్. స్మార్ట్ కార్డులు రెండు, ప్లగ్గులు నాలుగు జతలు, స్వెటర్లు, కాగితాలు, అన్నీ సర్దాను. మైక్‌సెట్ బస్సెక్కాడు, పొద్దున దిగుతాడు. మీరు రాసిందంతా ఫోన్లో చదివి వినిపించాను. చెవుల గురించి చెప్తే నవ్వాడు. మీటరుకి 3 మిల్లీసెకండ్లు అన్నచోట మాత్రం "ఆగు, మళ్ళీ చదువు" అన్నాడు.

పెద్దాయన గారూ, ఏప్రిల్‌కి తప్పకుండా.

హూడి కుర్రాడు · శనివారం రాత్రి 12.48

అర్జెంట్. మొదటి రోజు అయిపోయి రూముకొచ్చాం. మైక్‌సెట్ స్నానానికెళ్ళి గేటు దగ్గర టికెట్ బదులు చేతికి కట్టిన గుడ్డ బ్యాండు "తడిస్తే కంపు కొడుతుంది" అని కత్తెరతో కత్తిరించేశాడు. అది రేపటికి కూడా కావాలి కదా! అందులో వేసిన డబ్బులు కూడా ఆ చిప్పులోనే. ఏం చెయ్యాలి?

ఇంటర్వెల్ బజ్జీ · శనివారం రాత్రి 12.55

ముక్కలు పారేయకండి!! చిప్పు, గుడ్డ, తాళం పూస, అన్నీ కవర్లో వేసి పట్టుకెళ్ళండి. ఐడీ కార్డు, టికెట్ మెయిలు, రెండూ ఉండాలి. గేటు తెరిచే ముందే హెల్ప్‌డెస్కు దగ్గర నిలబడండి. వాళ్ళిష్టం, ఇవ్వాలని లేదు, మర్యాదగా అడగండి.

అనంతపూర్ ఎద్దులబండి · శనివారం రాత్రి 1.03

పెళ్ళి కంకణం గూడా స్నానానికి ముందే ఇప్పేసినాడేమో అడుగు.

హూడి కుర్రాడు · సోమవారం రాత్రి 10.30

వచ్చేశాం. ఆఫీసులో రోజంతా నిద్రపోతూ పనిచేశాను. రాస్తానన్నాను కాబట్టి మొత్తం రాస్తున్నా.

శనివారం గేటు దగ్గరే మొదలు. వాళ్ళమ్మ కజ్జికాయలు పంపింది. బయటి తిండి లోపలికి కుదరదన్నాడు సెక్యూరిటీ ఆయన. మైక్‌సెట్ మాట్లాడకుండా ఒకటి తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆయనది మదనపల్లె అని తేలింది. తిన్నాడు, బాగుందన్నాడు, అయినా వదల్లేదు. గేటు పక్కన నిలబడి ముగ్గురం తొమ్మిది కజ్జికాయలు అవగొట్టాం. లోపల ఒక దోసె ధర చూశాక, ఆ డబ్బా పంపినందుకు వాళ్ళమ్మకి మనసులో దణ్ణం పెట్టుకున్నాను.

లోపలికెళ్ళగానే నేను స్టేజీ వైపు చూస్తుంటే వాడు స్టేజీకి వీపు పెట్టి నిలబడ్డాడు, తల పైకెత్తి. వేళ్ళతో లెక్కపెడుతున్నాడు. "పక్కకి పన్నెండు. ఒక్క గొలుసు మీద. మన ఊళ్ళో దీన్ని కట్టాలంటే వాటర్ ట్యాంకే గతి." తర్వాత నడక మొదలెట్టాడు, పీతలాగా, పక్కకి. నాలుగడుగులేసి ఆగడం, కళ్ళు మూసుకోవడం, మళ్ళీ నాలుగడుగులు. జనం చూస్తున్నారు. ఒకమ్మాయి వీడియో కూడా తీసింది. నాకు నేల చీలితే బాగుండనిపించింది. నేనన్నాను, ఒరేయ్ కాసేపు స్టేజీ వైపు చూడరా, డబ్బులు పోశాం అని. వాడన్నాడు, "నువ్వు బొమ్మ చూడ్డానికొచ్చావు, నేను వినడానికొచ్చాను." కోపమొచ్చింది నాకు. విసవిసా ముందుకెళ్ళిపోయాను. కాఫీ అక్కా, మీ మాటా బజ్జీ మాటా రెండూ వినలేదు, చోటూ టైమూ ఏదీ అనుకోకుండానే విడిపోయాం.

ముందు వరస దొరికింది. కంచె పట్టుకుని నిలబడ్డాను. మూడేళ్ళ కోరిక. బ్యాండు వచ్చింది, గిటారు అతని వేళ్ళ మీది ఉంగరం కూడా కనబడుతోంది. పాట మొదలైంది, డ్రమ్ములు గుండెల్లో కొడుతున్నాయి, కాళ్ళ కింద నేల అదురుతోంది. కానీ గొంతు లేదు. పెదాలు కదులుతున్నాయి, నాకు కంఠతా వచ్చిన పాటే, మాటలు మాత్రం ఎక్కడో నా తల మీంచి ఎగిరిపోతున్నట్టున్నాయి. రెండో పాటకి ప్లగ్గులు తీసి చూశాను, అలాగే ఉంది, పైగా చెవులు మండాయి, మళ్ళీ పెట్టుకున్నాను. మూడో పాటకి వెనక్కి జనాన్ని తోసుకుంటూ వచ్చేశాను. వరంగల్ అక్క చెప్పినట్టు బాత్రూములు ఖాళీగా ఉన్నాయి, ఆ లాభం ఒకటి.

ఫోన్ చచ్చిపోయింది, నెట్ లేదు. సౌండ్ చెక్ గారు చెప్పింది గుర్తొచ్చి మిక్సర్ గుడారం దగ్గరికెళ్ళాను. వాడక్కడే ఉన్నాడు. కంచె మీద రెండు మోచేతులూ ఆనించి, మిక్సర్ ముందున్నతని వేళ్ళు చూస్తున్నాడు. నన్ను చూసి ఏమీ అనలేదు, చొక్కా పట్టుకుని రెండడుగులు తన పక్కకి లాగాడు.

గొంతు వచ్చింది. ప్రతి మాటా వచ్చింది. ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. అదే బ్యాండు, అదే పాట.

ముందు వరసలో నీకు తగిలేది నేలమీది బేస్ బాక్సులూ స్టేజీ మీది సామానూ, గెల నీ నెత్తి మీంచి వెనక్కి చూస్తోంది, అన్నాడు. మా ఊరి జాతరలో కూడా స్టేజీ కింద కూర్చునే పిల్లలకి హరికథ అర్థం కాదట, అందుకే అల్లరి చేస్తారట. ఇన్నేళ్ళూ వాళ్ళని తిట్టానురా అన్నాడు.

సరిగ్గా పదికి రెండు నిమిషాల ముందు ఆఖరి పాట ఆగిపోయింది. జనం ఇంకోటి ఇంకోటి అని అరిచారు, లైట్లు వెలిగించేశారు. మైక్‌సెట్ మొహం వెలిగిపోయింది. "వీళ్ళకీ పదేనా!" రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు కూడదన్న 2000 నాటి రూలు వాడికి కంఠోపాఠం, ప్రతి చవితికీ స్టేషన్ నుంచి ఫోను వస్తుంది కదా. ఇంత పెద్ద గెలలున్నవాళ్ళు కూడా తనలాగే గడియారం చూసుకుంటారని తెలిసి మెట్రో దాకా అదే మాట నాలుగుసార్లు అన్నాడు. ఆఖరి రైలు దొరికింది. మెజెస్టిక్‌లో పరిగెత్తాం.

ఆ రాత్రి కత్తెర ప్రహసనం మీకు తెలుసు. ఆదివారం ముక్కలు కవర్లో వేసుకెళ్ళాం. హెల్ప్‌డెస్కులో అమ్మాయి నవ్వాపుకుంటూ కొత్త బ్యాండు కట్టింది, మిగిలిన డబ్బులు అందులోకి ఎక్కించింది. యాభై నిమిషాలు పట్టింది, ఈలోగా స్టేజీ మీద ఒక చిన్న బ్యాండు పాట మిస్సయింది. దానికి నేనేమీ అనలేదు. వాడే సారీ చెప్పాడు, రెండుసార్లు.

రెండో రోజు బుద్ధిగా అనుకున్నాం. ఏడున్నరకి వెనక టవర్ కింద. ఏడున్నరకి నేను వెళ్ళేసరికి వాడు టవర్‌కీ స్టేజీకీ మధ్య దూరం అడుగులతో కొలుస్తున్నాడు. డెబ్బై మీటర్లుంటుందన్నాడు, అరచెయ్యి మీద పెన్నుతో 210 అని రాసుకున్నాడు. టవర్ కింద నిలబడి చెవి ఒకసారి టవర్ వైపు, ఒకసారి స్టేజీ వైపు తిప్పాడు. "ఒక్కసారే వినబడుతోందిరా. రెండోది లేదు." మా ఊరి జాతరలో చెరువుగట్టు దగ్గర రెండు బాక్సులు పెడితే అక్కడ ప్రతి మాటా రెండుసార్లు వినబడుతుంది, పన్నెండేళ్ళుగా జనం చేత తిట్లు తింటున్నాడు. తీగ బాగాలేదేమో అనుకుని మూడుసార్లు తీగ మార్చాడట.

తర్వాత మా ఇద్దరి మధ్య పెద్ద మాటలేమీ లేవు. నాకు నచ్చిన బ్యాండు వాడు గుడారం దగ్గర్నుంచి విన్నాడు, నేను వాడి పక్కనుంచే విన్నాను. ఒకచోట మాత్రం "ఈ పాట బావుంది, ఎవర్రా వీళ్ళు" అనడిగాడు. అది మైకు టెస్టింగ్. ఇంకా పాట మొదలవలేదు.

సౌండ్ చెక్ 1 2 · సోమవారం రాత్రి 11.15

చెప్పానా, ఆయనే వదిలేస్తాడని. ఆ 210 సరైన లెక్కే. దానికి ఓ పదో పదిహేనో కలిపి చూడమనండి, అప్పుడు చెవికి పాట స్టేజీ నుంచే వస్తున్నట్టుంటుంది, టవర్ నుంచి కాదు. ఆయన మిక్సర్‌లో ఇలా ఆపి వదిలే సౌకర్యం లేకపోతే విడిగా చిన్న డబ్బా దొరుకుతుంది.

కమ్మనహళ్ళి కాఫీ · మంగళవారం ఉదయం 7.05

చూశావా, కోపంతో విడిపోయినా దొరికాడు. కానీ కాగితం ఎక్కడ పెట్టారు?

హూడి కుర్రాడు · మంగళవారం ఉదయం 8.40

అక్కా, రెండు కాగితాలూ నా జేబులోనే ఉన్నాయి. ఇద్దరివీ.

హూడి కుర్రాడు · జనవరి, సంక్రాంతి వెళ్ళిన మర్నాడు

ఈ టాపిక్ మూసేసే ముందు ఇంకొక్క మాట. పండక్కి ఊరెళ్ళాను. మైక్‌సెట్ ఆ డబ్బా కొన్నాడు. చెరువుగట్టు బాక్సులకి తగిలించి, సాయంత్రం పోటీల మైకు మొదలవగానే నన్ను గట్టు మీదికి పరిగెత్తించాడు. నిజంగానే ఒక్కసారే వినబడింది. ముగ్గుల పోటీ ఫలితాలు పొల్లుపోకుండా వినబడ్డాయి. వాడికి కళ్ళలో నీళ్ళొక్కటే తక్కువ.

డబ్బులిచ్చేటప్పుడు కమిటీ పెద్దాయన పేచీ పెట్టాడు. "ఏటా గట్టు దగ్గర రెండుసార్లు వినబడేది. ఈ ఏడు ఒక్కసారే వినబడింది. బాక్సులు తగ్గించావు. అయిదొందలు తీసేస్తున్నా."

అనంతపూర్ ఎద్దులబండి · అదే రోజు రాత్రి 9.50

పెద్దాయన అడిగింది న్యాయమే గదబ్బా.